2021–22 ఐఎస్‌ఎల్: హైదరాబాద్ కప్పు ఎలా గెలిచింది, ఆ గెలుపు నగరంలో ఎందుకు నిలవలేదు

భారత ఫుట్‌బాల్ రికార్డుల్లో 2021–22 సీజన్ వివరాలు వెతికేవారికి తికమక తప్పదు. ఆ ఏడాది ఇండియన్ సూపర్ లీగ్ విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒక జాబితా చెబుతుంది. లీగ్‌లో మొదటి స్థానం జంషెద్‌పూర్ ఎఫ్‌సీది అని మరో జాబితా చెబుతుంది. రెండూ నిజమే. ఇక ఇప్పటి జట్ల పట్టిక తీస్తే హైదరాబాద్ ఎఫ్‌సీ పేరే కనిపించదు. 2025 అక్టోబరులో ఆ క్లబ్ రాజధానికి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. దేశంలోని అగ్రశ్రేణి లీగ్‌లో కప్పు గెలిచిన జట్టు నాలుగేళ్లు తిరగకుండానే ఊరూ పేరూ మార్చుకోవడం వింతగా కనిపించవచ్చు. ఆ సీజన్ ఎలా నడిచిందో వివరంగా చూస్తే ఆ వింత చాలావరకు తొలగిపోతుంది.

క్లుప్తంగా: ఐఎస్‌ఎల్‌లో అప్పట్లో పాయింట్ల పట్టికకు ఒక ట్రోఫీ, ప్లేఆఫ్‌లకు మరో ట్రోఫీ ఉండటమే ఇద్దరు విజేతలకు కారణం. మైదానంలో దిగే విదేశీయుల సంఖ్య తగ్గించిన నిబంధన, అప్పటికే యువ భారతీయ ఆటగాళ్లను తయారుచేసుకున్న హైదరాబాద్‌కు కలిసొచ్చింది. మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరగడంతో సొంత మైదానపు బలం లేని లోటు ఆ సీజన్‌లో బయటపడలేదు. ఆ లోటే తర్వాతి ఏళ్లలో క్లబ్‌ను దెబ్బతీసిన కారణాల్లో ఒకటైంది.

ఒకే సీజన్, ఇద్దరు విజేతలు

ఐరోపాలోని పెద్ద లీగ్‌లలో ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో రెండుసార్లు ఆడుతుంది, ఎక్కువ పాయింట్లు వచ్చిన జట్టు ఛాంపియన్ అవుతుంది, అక్కడితో లెక్క ముగుస్తుంది. ఐఎస్‌ఎల్ 2014లో మొదలైనప్పుడే వేరే దారి పట్టింది. లీగ్ దశ పూర్తయ్యాక మొదటి నాలుగు జట్లు సెమీఫైనల్స్ ఆడేవి, ఫైనల్ గెలిచిన జట్టు ఛాంపియన్ అయ్యేది. అమెరికాలోని మేజర్ లీగ్ సాకర్‌లోనూ, ఆస్ట్రేలియా ఎ–లీగ్‌లోనూ ఇదే తరహా పద్ధతి ఉంది. ఐపీఎల్‌కు అలవాటు పడ్డ ప్రేక్షకుడికి ఇందులో కొత్తదనం ఏమీ ఉండదు.

అయితే ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) పోటీలకు జట్టును పంపాల్సి వచ్చేసరికి చిక్కు వచ్చింది. నాలుగు నెలలు నిలకడగా ఆడిన జట్టును పంపాలా, చివరి రెండు వారాల్లో మెరిసిన జట్టును పంపాలా? ఐఎస్‌ఎల్‌కు అగ్రశ్రేణి హోదా ఇచ్చే మార్గసూచి 2019లో ఖరారైన తర్వాత, పట్టికలో మొదటి స్థానానికి లీగ్ విన్నర్స్ షీల్డ్ ఏర్పాటు చేసి, ఏఎఫ్‌సీ ఛాంపియన్స్ లీగ్ అవకాశాన్ని దానికే ముడిపెట్టారు. 2019–20లో షీల్డ్ ఎఫ్‌సీ గోవాకు, కప్పు ఏటీకేకు దక్కాయి. మరుసటి ఏడాది ముంబై సిటీ రెండూ గెలుచుకుంది. 2021–22లో మళ్లీ రెండు ట్రోఫీలు రెండు ఊళ్లకు వెళ్లాయి.

ప్రైజ్‌మనీ సర్దుబాటు చూస్తే నిర్వాహకుల ఆలోచన ఎటు మళ్లుతోందో అర్థమవుతుంది. ఆ సీజన్‌లో షీల్డ్ బహుమతిని 50 లక్షల రూపాయల నుంచి ఒక్కసారిగా 3.5 కోట్లకు పెంచారు. కప్పు విజేతకు ఇచ్చే మొత్తాన్ని 8 కోట్ల నుంచి 6 కోట్లకు తగ్గించారు. రన్నరప్‌కు 3 కోట్లు కేటాయించారు, అంటే ఫైనల్లో ఓడిన జట్టు కంటే పట్టికలో మొదట నిలిచిన జట్టుకు ఎక్కువ. అయినా ప్రజల నోట ‘ఛాంపియన్’ అనే మాట కప్పు ఎత్తిన జట్టుకే అంటుకుపోయింది. టీవీలో కాగితపు ముక్కలు ఎగిరేది ఫైనల్ రోజునే కదా.

బబుల్‌లో నాలుగు నెలలు

2021 నవంబరు 19న మొదలై 2022 మార్చి 20న ముగిసిన ఆ సీజన్‌లో 11 జట్లు తలా 20 మ్యాచ్‌ల చొప్పున లీగ్ దశలో 110 మ్యాచ్‌లు ఆడాయి. కోవిడ్ కారణంగా వరుసగా రెండో ఏడాదీ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. మార్‌గావ్‌లోని ఫతోర్డా స్టేడియం, బాంబోలిమ్‌లోని జీఎంసీ అథ్లెటిక్ స్టేడియం, వాస్కోలోని తిలక్ మైదాన్ వేదికలు. బయటివారితో కలవనివ్వని ‘బబుల్’ ఏర్పాటులో జట్లు హోటల్ నుంచి ప్రాక్టీస్ మైదానానికి, అక్కడి నుంచి స్టేడియానికి, తిరిగి హోటల్‌కు మాత్రమే కదిలాయి. లీగ్ దశంతా ప్రేక్షకులు లేకుండానే సాగింది.

మామూలు రోజుల్లో ఐఎస్‌ఎల్ జట్టు గువాహటి నుంచి కొచ్చి దాకా దేశమంతా తిరగాలి. వాతావరణం మారుతుంది, పచ్చిక మారుతుంది, ఎదురుగా వేలమంది అరుస్తూ ఉంటారు. బబుల్‌లో ఇవేవీ లేవు. సొంతగడ్డ, పరాయిగడ్డ అనే తేడా కాగితం మీద మాత్రమే మిగిలింది. దీనివల్ల అన్ని జట్లూ సమానంగా నష్టపోయాయని అనిపించవచ్చు కానీ అది సరికాదు. కొచ్చిలో పసుపు జెర్సీల సముద్రం మధ్య ఆడే కేరళ బ్లాస్టర్స్ పెద్ద బలం కోల్పోయింది. సొంత స్టేడియంలో ఒక్క సీజన్ మాత్రమే ఆడి, ఇంకా అభిమాన గణాన్ని కూడగట్టుకోని హైదరాబాద్‌కు కోల్పోవడానికి పెద్దగా ఏమీ లేదు.

బబుల్ పూర్తిగా భద్రంగానూ లేదు. 2022 జనవరిలో శిబిరాల్లో కేసులు బయటపడటంతో అనేక మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. కొన్ని జట్లు రోజుల తరబడి గదుల్లో ఏకాంతంలో ఉండి, సరైన ప్రాక్టీస్ లేకుండానే మైదానంలోకి దిగాల్సి వచ్చింది. జనవరిలో జరగాల్సిన జంషెద్‌పూర్–హైదరాబాద్ పోరు కూడా వాయిదా పడి మార్చి 1న జరిగింది. మొదటి పదకొండు మందిలో ఇద్దరు ముగ్గురు దూరమైనా ఆట చెడకుండా నడిపించగల లోతు ఏ జట్టుకు ఉందన్నది ఆ నెలలో తేలిపోయింది.

నాలుగో విదేశీయుడి దగ్గర ఆగిన గీత

బబుల్ గురించి చర్చ జరిగినంతగా మరో మార్పు గురించి జరగలేదు. అంతకుముందు సీజన్ వరకు ఒక జట్టు ఒకేసారి ఐదుగురు విదేశీయులను ఆడించవచ్చు. 2021–22 నుంచి ఆ సంఖ్యను నాలుగుకు తగ్గించారు. చూడటానికి ఒక్కరి తేడాయే. మైదానంలో మాత్రం ఏడుగురు భారతీయులు ఉండి తీరాలి. అప్పటిదాకా గోల్‌కీపర్‌నూ ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లనూ మరో ముగ్గురినీ స్వదేశీయులతో నింపి, వెన్నెముకను మొత్తం విదేశీయులతో కట్టుకున్న జట్లకు ఒక కీలక స్థానం ఖాళీ అయింది. మంచి భారతీయ మిడ్‌ఫీల్డర్లు, సెంటర్‌బ్యాక్‌ల గిరాకీ పెరిగింది.

హైదరాబాద్ ఆ పనిని ఏడాది ముందే మొదలుపెట్టి ఉంది. ఆర్థిక ఇబ్బందులతో మూతపడ్డ ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలో 2019 ఆగస్టులో పుట్టిన ఈ క్లబ్ తొలి మ్యాచ్‌లోనే ఏటీకే చేతిలో 0–5తో ఓడింది. ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లలో రెండే గెలిచి, 39 గోల్స్ సమర్పించుకుని, 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఐఎస్‌ఎల్‌లో అప్పట్లో కింది శ్రేణికి పడిపోవడం అనేది లేదు కాబట్టి ఆ పతనానికి శిక్ష పడలేదు, మొదటి నుంచి కట్టుకునే వెసులుబాటు దొరికింది. తర్వాతి సీజన్‌కు ఎంపిక చేసుకున్న కోచ్ ఆల్బర్ట్ రోకా బార్సిలోనా పిలుపుతో వెళ్లిపోగా, ఆయన స్థానంలో మరో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు.

మార్కెజ్ పద్ధతి సాదాసీదా. పేరున్న సీనియర్ల కంటే పరుగెత్తగల కుర్రాళ్లకు వరుసగా అవకాశాలిచ్చాడు. ఎడమవైపు ఉత్తరప్రదేశ్ కుర్రాడు ఆకాశ్ మిశ్రా, కుడివైపు సిక్కిం కుర్రాడు ఆశిష్ రాయ్, సెంటర్‌బ్యాక్‌గా మణిపుర్‌కు చెందిన చింగ్లెన్‌సానా సింగ్, ముందు వరుసలో మహమ్మద్ యాసిర్, హాలీచరణ్ నర్జారీ, రోహిత్ దాను వంటివారు ఆయన కింద స్థిరపడ్డారు. 2020–21లో ఈ జట్టు 20 మ్యాచ్‌లలో మూడే ఓడింది కానీ ఏకంగా 11 డ్రా చేసుకుంది. చివరి మ్యాచ్‌లో గోవాపై గోల్ చేయలేక 0–0తో సరిపెట్టుకుని, 29 పాయింట్లతో ఐదో స్థానంలో మిగిలిపోయి సెమీస్ చేజార్చుకుంది.

లోపం ఎక్కడుందో అంకెలే చెబుతున్నాయి. ఆ 20 మ్యాచ్‌లలో జట్టు ఇచ్చిన గోల్స్ 19, చేసినవి 27. రక్షణ గట్టిది, ముగింపు బలహీనం. దానికి తోడు మంచి ఫామ్‌లో ఉన్న లిస్టన్ కొలాకో ఏటీకే మోహన్ బగాన్‌కు వెళ్లిపోయాడు. ఆ ఖాళీని పూరించడానికి క్లబ్ తెచ్చుకున్నది అంతకుముందు ముంబై సిటీకి ఆడిన 36 ఏళ్ల నైజీరియా స్ట్రైకర్ బార్తలోమ్యూ ఓగ్బెచేను. వయసు చూసి పెదవి విరిచినవారు ఉండవచ్చు. ఆయన 18 గోల్స్‌తో, సీజన్‌లో అత్యధిక గోల్స్ చేసినవారికి ఇచ్చే గోల్డెన్ బూట్ గెలిచి, అదే సీజన్‌లో ఎఫ్‌సీ గోవా మాజీ స్ట్రైకర్ కొరోమినాస్‌ను దాటి ఐఎస్‌ఎల్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యాడు.

పాయింట్లు ఎక్కడి నుంచి వచ్చాయి

చెన్నైయిన్ చేతిలో 0–1 ఓటమితో మొదలైన హైదరాబాద్ సీజన్ 11 విజయాలు, 5 డ్రాలు, 4 ఓటములతో, 38 పాయింట్లతో రెండో స్థానంలో ముగిసింది. చేసిన గోల్స్ 43, ఇచ్చినవి 23. అంతకుముందు ఏడాదితో పోలిస్తే రక్షణ కాస్త వదులైంది కానీ గోల్స్ 16 పెరిగాయి. డ్రాలు సగానికి పైగా తగ్గి విజయాలుగా మారాయి. మొత్తం గోల్స్‌లో దాదాపు 42 శాతం ఒక్క ఓగ్బెచేవే.

ఈ మొత్తాన్ని విడదీసి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌పై 5–1, 5–0, ఒడిశాపై 6–1, ఈస్ట్ బెంగాల్‌పై 4–0. ఈ నాలుగు మ్యాచ్‌లలోనే 20 గోల్స్ వచ్చాయి. మిగతా 16 మ్యాచ్‌లలో హైదరాబాద్ చేసినవి 23, ఇచ్చినవి 21. అంటే గోల్ తేడా చూసి ఊహించుకున్నంత తిరుగులేని జట్టు కాదది. దిగువ జట్లు దొరికినప్పుడు వదిలిపెట్టకుండా బాదిన జట్టు.

సెమీస్‌కు చేరిన మిగతా మూడు జట్లతో దాని రికార్డు చూస్తే ఆ తేడా ఇంకా స్పష్టమవుతుంది. జంషెద్‌పూర్‌తో 1–1 డ్రా, 0–3 ఓటమి. ఏటీకే మోహన్ బగాన్‌తో 2–2 డ్రా, 1–2 ఓటమి. కేరళ బ్లాస్టర్స్‌తో 0–1 ఓటమి, 2–1 విజయం. ఆరు మ్యాచ్‌లలో 18 పాయింట్లకు దక్కినవి ఐదే. మిగిలిన 14 మ్యాచ్‌లలో 33 పాయింట్లు వచ్చాయి, వాటిలో ఓడింది ఒక్కటే.

జంషెద్‌పూర్ లెక్క ఇందుకు పూర్తిగా భిన్నం. సెమీస్‌కు చేరిన మిగతా మూడు జట్లతో, అంటే హైదరాబాద్, బగాన్, బ్లాస్టర్స్‌తో ఆడిన ఆరు మ్యాచ్‌లలో అది నాలుగు గెలిచి రెండు డ్రా చేసుకుని 14 పాయింట్లు రాబట్టింది. ఓవెన్ కోయిల్ శిక్షణలో, పది గోల్స్ చేసి పది గోల్స్‌కు సాయం చేసిన స్కాట్లాండ్ ఆటగాడు గ్రెగ్ స్టీవార్ట్ చుట్టూ అల్లుకున్న ఆ జట్టు చివరి ఏడు మ్యాచ్‌లనూ వరుసగా గెలిచింది. మార్చి 7న ఆఖరి లీగ్ మ్యాచ్‌లో మోహన్ బగాన్ రెండు గోల్స్ తేడాతో గెలిస్తే షీల్డ్ కోల్‌కతాకు వెళ్లేది. రిత్విక్ దాస్ గోల్‌తో జంషెద్‌పూరే 1–0తో నెగ్గి, 43 పాయింట్లతో అప్పటికి లీగ్ రికార్డు నెలకొల్పింది. సీజన్ మొత్తాన్ని కొలమానంగా తీసుకుంటే ఆ ఏడాది అత్యుత్తమ జట్టు జంషెద్‌పూర్ అనడంలో పెద్దగా వాదనకు తావు లేదు.

అలాంటి జట్టు నాలుగు రోజుల తర్వాత మొదలైన సెమీఫైనల్లో కేరళ చేతిలో 0–1, 1–1తో, మొత్తమ్మీద 1–2తో ఓడింది. నెల కిందటే అదే కేరళను 3–0తో ఓడించిన జట్టు అది. ఇరవై మ్యాచ్‌లలో పోగుచేసుకున్న ఆధిక్యం సెమీస్‌లోకి ఏ రూపంలోనూ వెంట రాదు. సొంత మైదానంలో రెండో మ్యాచ్ ఆడే చిన్న లాభం కూడా గోవా బబుల్‌లో లేదు. 2022–23 నుంచి ప్లేఆఫ్‌లను ఆరు జట్లకు పెంచి, మొదటి రెండు స్థానాల జట్లను నేరుగా సెమీస్‌కు పంపే పద్ధతి తేవడంతో పట్టిక స్థానానికి కొంతైనా విలువ పెరిగింది.

ఫతోర్డాలో ఆ రాత్రి

హైదరాబాద్ తన సెమీస్‌లో మోహన్ బగాన్‌ను తొలి మ్యాచ్‌లో 3–1తో ఓడించింది. ఓగ్బెచే, యాసిర్, హవియెర్ సివెరియో గోల్స్ చేశారు. రెండో మ్యాచ్‌లో 0–1తో ఓడినా 3–2 మొత్తంతో ఫైనల్ చేరింది. లీగ్ దశలో ఒక్కసారి కూడా ఓడించలేని ప్రత్యర్థిని అవసరమైన రోజున ఓడించగలిగింది.

మార్చి 20న ఫతోర్డాలో జరిగిన ఫైనల్‌కు ప్రేక్షకులను పూర్తి సంఖ్యలో అనుమతించారు. రెండేళ్ల నిశ్శబ్దం తర్వాత గేట్లు తెరుచుకోగానే స్టేడియాన్ని నింపినవారిలో అత్యధికులు కేరళ నుంచి వచ్చినవారే. నిబంధనల ప్రకారం హైదరాబాద్ ‘సొంత’ జట్టు, దాని రంగూ పసుపే. దాంతో కేరళ ఆటగాళ్లు నలుపు, నీలం చారల జెర్సీలో దిగాల్సి వచ్చింది. స్టాండ్లలో పసుపు రంగు కేరళది, మైదానంలో పసుపు రంగు హైదరాబాద్‌ది. కొత్తగా చూసేవారికి ఎవరు ఎవరి అభిమానులో తెలియని పరిస్థితి.

68వ నిమిషంలో రాహుల్ కేపీ కొట్టిన బంతి గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చెయ్యి పెట్టినా ఆగకుండా లోపలికి వెళ్లింది. కేరళ తన మూడో ఫైనల్లో తొలి కప్పుకు ఇరవై నిమిషాల దూరంలోకి వచ్చింది. 88వ నిమిషంలో కేరళ రక్షణ శ్రేణి బయటికి నెట్టిన బంతి పెనాల్టీ పెట్టె అవతల సబ్‌స్టిట్యూట్ సాహిల్ తవోరాకు చిక్కింది. ఆ గోవా కుర్రాడు బంతిని నేల తాకనివ్వకుండా వాలీగా కొట్టి స్కోరు 1–1 చేశాడు. అదనపు సమయంలో తేడా రాలేదు.

షూటౌట్‌లో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మార్కో లెస్కోవిచ్ కొట్టినది ఒకటి, జీక్సన్ సింగ్ కొట్టినది ఒకటి. మధ్యలో నిషు కుమార్ కొట్టిన బంతిని ఆపితే, గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు, రెండోసారీ కట్టిమణి ఆపేశాడు. నర్జారీ తన కిక్‌ను గోల్‌గా మలచడంతో హైదరాబాద్ 3–1తో కప్పు గెలిచింది. కట్టిమణి గోవా ఆటగాడే. 2015 ఫైనల్లో ఇదే ఫతోర్డాలో ఎఫ్‌సీ గోవా గోల్‌కీపర్‌గా ఉండి, 90వ నిమిషంలో సొంత గోల్ చేసి, ఓడిపోతున్న చెన్నైయిన్‌కు స్కోరు సమం చేసిపెట్టిన చేదు జ్ఞాపకం ఆయనది; ఆ తర్వాత చెన్నైయిన్ మరో గోల్‌తో కప్పు గెలిచింది. ఆరేళ్ల తర్వాత అదే మైదానంలో లెక్క సరిపోయింది.

విశ్లేషణ పరంగా చూస్తే షూటౌట్ విజయం నుంచి పెద్ద సూత్రాలు లాగడం కుదరదు. ఇరవై మ్యాచ్‌ల పట్టికలో అదృష్టం పాలు చాలావరకు చెల్లాచెదురై సర్దుకుంటుంది. 120 నిమిషాల ఫైనల్లో అది అలాగే మిగులుతుంది. హైదరాబాద్ ఫైనల్ దాకా రావడం జట్టు నిర్మాణం వల్ల, కప్పు ఎత్తడం ఒక వాలీ, ఒక గోల్‌కీపర్ వల్ల. ఈ రెండింటినీ కలిపేసి ‘మూడేళ్లలో అట్టడుగు నుంచి శిఖరానికి’ అని రాయడం పత్రికలకు సులువే గానీ అసలు సంగతిని అది సగమే చెబుతుంది.

కప్పు వచ్చింది, గేటు ఆదాయం రాలేదు

ఈ విజయాన్ని నగరం ప్రత్యక్షంగా చూడలేదు. గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ 2019–20లో ఆడింది. ఆ తర్వాత రెండు సీజన్లూ గోవాలోనే గడిచాయి. ఛాంపియన్ హోదాలో 2022 అక్టోబరులో సొంతగడ్డపై లీగ్ మ్యాచ్‌కు దిగేసరికి క్లబ్‌కు మూడేళ్లు నిండాయి, సొంత ప్రేక్షకుల ముందు ఆడిన అనుభవం మాత్రం ఒక్క సీజనే, అదీ పది పాయింట్లతో అడుగున నిలిచిన సీజన్. ఫైనల్లో మొదట దిగిన పదకొండు మందిలో తెలుగు రాష్ట్రాల ఆటగాడు ఒక్కరూ లేరు.

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ చరిత్ర లేక కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు అందించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, సికింద్రాబాద్ మైదానాల్లో ఎదిగిన తులసీదాస్ బలరాం ఈ నేల మీదివారే. అయితే ఆ సంప్రదాయం ప్రభుత్వ శాఖల జట్లు, బస్తీ మైదానాల మీద నడిచింది. వాటి సత్తువ తగ్గిపోయిన దశాబ్దాల తర్వాత, పుణె క్లబ్ మూతపడి ఖాళీ అయిన స్థానంలో వచ్చిన ఫ్రాంచైజీకి ఆ పాత వేర్లతో నేరుగా సంబంధం లేదు.

ఐఎస్‌ఎల్ క్లబ్ ఆర్థిక నిర్మాణంలో ఇది చిన్న విషయం కాదు. క్లబ్ ఏటా పదుల కోట్లు ఖర్చు పెడుతుంది. టికెట్లు, స్పాన్సర్లు, లీగ్ నుంచి వచ్చే వాటా, ఆటగాళ్ల బదిలీల ద్వారా వచ్చేది కలిపినా ఆ ఖర్చు పూడటం కష్టం. మిగిలిన తేడాను యజమాని జేబులోంచి వేసుకోవాలి. 6 కోట్ల ప్రైజ్‌మనీ ఆ తేడాలో కొంత భాగమే. కప్పు గెలిస్తే ఆటగాళ్ల ధర పెరుగుతుంది, వారిని నిలుపుకోవాలంటే జీతాలు పెంచాలి, లేదంటే వదులుకోవాలి. ఆశిష్ రాయ్ 2022లో మోహన్ బగాన్‌కు, ఆకాశ్ మిశ్రా 2023లో ముంబై సిటీకి వెళ్లిపోయారు. గెలుపు ఖర్చును వెంటనే పెంచుతుంది, ఆదాయాన్ని మెల్లగా పెంచుతుంది. ఆ మధ్యకాలం దాటడానికి కావలసింది జేబు లోతున్న యజమాని గానీ, స్టేడియం నింపే ఊరు గానీ.

అదే సీజన్‌లోని మరో ఇద్దరితో పోల్చి చూడవచ్చు. షీల్డ్ గెలిచిన జంషెద్‌పూర్‌కు సీజన్ ముగియగానే కోచ్ కోయిల్ దూరమయ్యాడు, స్టీవార్ట్ ముంబై సిటీలో చేరాడు. 2022–23లో జట్టు పదకొండింటిలో పదో స్థానానికి పడిపోయింది. ఆట పరంగా చూస్తే వెంటనే కుప్పకూలింది జంషెద్‌పూరే. కానీ క్లబ్ వెనుక టాటా స్టీల్ ఉంది, సొంత ఊళ్లో జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది, ఉక్కు పట్టణంలో తరాలుగా ఫుట్‌బాల్ చూసే జనం ఉన్నారు. అందువల్ల చెడ్డ సీజన్ చెడ్డ సీజన్‌గానే మిగిలింది. మూడు ఫైనల్స్ ఓడిన కేరళ బ్లాస్టర్స్‌కు ట్రోఫీ లేకపోయినా అభిమానులు ఉన్నారు. హైదరాబాద్‌కు ట్రోఫీ ఉంది, యజమాని దన్నూ అభిమానుల బలమూ అరకొర.

పతనం ఎలా సాగింది

పతనం ఒక్కరోజులో రాలేదు. 2022–23లో మార్కెజ్ శిక్షణలోనే హైదరాబాద్ మళ్లీ రెండో స్థానంలో నిలిచి, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఏఎఫ్‌సీ తన పోటీల క్యాలెండర్‌ను మార్చడంతో 2021–22 విజేతలకు ఆసియా పోటీలు నేరుగా దక్కలేదు. మరుసటి సీజన్ విజేతలతో అదనపు మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో మంజేరిలో జంషెద్‌పూర్ ముంబై సిటీ చేతిలో, మే నెలలో కోళికోడ్‌లో హైదరాబాద్ మోహన్ బగాన్ చేతిలో అదే 1–3 స్కోరుతో ఓడాయి. అలా ఆ సీజన్ రెండు ట్రోఫీలూ ఆసియా స్థాయిలో ఏ ఫలితమూ ఇవ్వకుండా పోయాయి. ఐఎస్‌ఎల్ చరిత్రలో ఇంత తక్కువగా చర్చకు వచ్చిన అన్యాయం మరొకటి వెతకాలి.

2023 వేసవిలో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు, మరుసటి ఏడాది భారత జట్టు కోచ్ కూడా అయ్యాడు. హైదరాబాద్‌లో జీతాల బకాయిల వివాదాలు ముదిరి, కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం దాకా వెళ్లాయి. 2023–24 సీజన్ మధ్యలో సీనియర్లు, విదేశీయులు వరుసగా వెళ్లిపోగా, కప్పు ఎత్తిన జట్టు సారథి జొవావ్ విక్టర్ ఒక్కడే విదేశీ ఆటగాడిగా మిగిలి కుర్రాళ్లతో కలిసి నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క విజయం, ఎనిమిది పాయింట్లు, అట్టడుగు స్థానం. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకున్నా 2024–25లో చివరి నుంచి రెండో స్థానమే దక్కింది. మరుసటి ఏడాది ఢిల్లీకి తరలింపు.

ఇక్కడ లీగ్ నిర్మాణం రెండు వైపులా పనిచేసింది. కిందికి పడిపోయే నిబంధన లేకపోవడం వల్లనే 2020లో పది పాయింట్ల జట్టుకు మళ్లీ కట్టుకునే అవకాశం దొరికింది. అదే నిర్మాణంలో లీగ్ స్థానం అనేది ఊరికి కాక ఫ్రాంచైజీకి చెందిన ఆస్తి. యజమాని మారితే స్థానం మరో ఊరికి వెళ్లవచ్చు. పుణెలో మూతపడ్డ జట్టు స్థానం హైదరాబాద్‌కు వచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ దాన్ని తప్పుపట్టలేదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లినది దాదాపు అదే తర్కం మీద. ఐరోపా పద్ధతిలోనైతే అప్పులపాలైన క్లబ్ కింది శ్రేణులకు జారిపోయినా ఆ ఊళ్లోనే, ఆ పేరుతోనే మళ్లీ మొదలుపెట్టే దారి ఉంటుంది.

ఇక మిగిలిన దారి

2022–23 నుంచి రెండో శ్రేణి అయిన ఐ–లీగ్ విజేతకు ఫ్రాంచైజీ రుసుము లేకుండా ఐఎస్‌ఎల్‌లోకి ప్రవేశం కల్పించారు. ఆ దారిలో మొదట పంజాబ్ జట్టు, తర్వాత మహమ్మదన్ స్పోర్టింగ్ పైకి వచ్చాయి. ఆ రెండుసార్లూ రెండో స్థానంలో నిలిచింది హైదరాబాద్ కేంద్రంగా ఆడే శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ. విశాఖపట్నం పేరుతో ఐ–లీగ్‌లో ప్రవేశానికి అనుమతి పొంది, తర్వాత హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఈ క్లబ్ ఐ–లీగ్‌లో తొలిసారి ఆడింది కూడా 2021–22లోనే. బెంగాల్ బబుల్‌లో జరిగిన ఆ సీజన్‌లో మూడో స్థానం తెచ్చుకుంది. ఫతోర్డా ఫైనల్ హడావుడిలో తెలుగు పత్రికలకు అది చిన్న వార్త. నగర శివార్లలో సొంత మైదానం, అకాడమీ ఉన్న ఆ క్లబ్ వరుసగా రెండేళ్లు ఒక్క స్థానం తేడాతో ఐఎస్‌ఎల్ గడప దగ్గరే ఆగిపోయింది. ఢిల్లీకి వెళ్లిన స్థానం తిరిగి రాదు కాబట్టి, ఫ్రాంచైజీ రుసుము కట్టే మరో యజమాని దొరకనంతవరకు, అగ్రశ్రేణి లీగ్‌లో హైదరాబాద్ పేరు మళ్లీ కనిపించాలంటే ఆ ఒక్క స్థానాన్ని దాటడమే మార్గం.